ఎయిర్‌పోర్టు పుస్తకాలంటే అంత చులకనెందుకు?

మన సాహిత్య సభల్లో ఒక మాట అలవాటుగా వినిపిస్తూంటుంది. "ఆయన బాగానే చదువుతాడండీ, కానీ అన్నీ ఎయిర్‌పోర్టు పుస్తకాలే" అని. విమానం ఎక్కేముందు కొని, దిగేటప్పుడు సీటు ముందున్న సంచీలో వదిలేసి వచ్చేది ఎయిర్‌పోర్టు పుస్తకమన్న మాట. వేదిక మీద కూర్చున్న పెద్దలు ఈ మాట అనగానే సభలో చిన్న నవ్వు కూడా వస్తుంది. ఆ నవ్వులో నేను కలవను. పదిహేనేళ్ళకి పైగా సోమవారం తెల్లవారుజామున విమానం ఎక్కి క్లయింటు ఊరికి పోయి, గురువారం రాత్రికి ఇల్లు చేరే ఉద్యోగం చేశాను. ఎయిర్‌పోర్టు పుస్తకాలు నేను చదివినన్ని ఆ వేదిక మీద ఎవరూ చదివి ఉండరు. కాబట్టి ఈ విషయంలో నోరు విప్పే అర్హత నాకు కాస్త ఉందనే అనుకుంటున్నాను.

నా వాదన ముందే చెప్పేస్తాను. సైకలాజికల్ థ్రిల్లర్ కాలక్షేపం బఠాణీ కాదు. ప్రవాసంలో ఉన్న తెలుగు ఇంటి గురించి మన కథా సంకలనాలు చెప్పని సంగతులు, మనవాళ్ళెవరూ ఇక్కడ అడుగు పెట్టకముందే రాసిన కొన్ని ఇంగ్లీషు థ్రిల్లర్లలో ఉన్నాయి. ఆ రకం నవల రాయడం మనకి చేతకాక కాదు. అది అడిగే ప్రశ్న అడగడం ఇష్టంలేక దాన్ని చులకన చేస్తున్నాం.

డిటెక్టివ్ నవలకీ దీనికీ తేడా ఉంది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు మా నాన్నగారి తరం అద్దె లైబ్రరీల నుంచి తెచ్చుకుని చదివింది. హత్య జరుగుతుంది, యుగంధర్ వస్తాడు, అసిస్టెంటు రాజు పరిగెడతాడు, హంతకుడు పట్టుబడతాడు. ఎవరు చంపారన్నదే అక్కడి ప్రశ్న. సైకలాజికల్ థ్రిల్లర్లో చాలాసార్లు ఆ సంగతి ముందే తెలిసిపోతుంది. ఇక్కడ ప్రశ్న వేరు. ఈ మనిషి తన గురించి తను చెప్పుకుంటున్నది నిజమేనా? పక్కగదిలో ఉన్న మనిషి మనం అనుకుంటున్న మనిషేనా?

మా వృత్తి భాషలో చెబితే ఇంకా తేలిక. ప్రోగ్రాము ఎక్కడో తప్పుతోందంటే మేం ముందు తెరిచేది లాగ్ ఫైలు. ఏ నిమిషానికి ఏం జరిగిందో ప్రోగ్రామే వరసగా రాసిపెట్టిన చిట్టా అది. మామూలు తప్పయితే చిట్టా చదువుతూ పోతే దొరికిపోతుంది. నిద్ర పట్టనివ్వని తప్పు ఇంకొకటుంది. చిట్టా అంతా శుభ్రంగా ఉంటుంది, ప్రతి లైనూ "సక్సెస్" అనే అంటుంది, బయట మాత్రం ఒకరి డబ్బు ఇంకొకరి ఖాతాలో పడుతూంటుంది. ఎందుకంటే చిట్టా రాస్తున్నది కూడా ఆ తప్పున్న ప్రోగ్రామే. అప్పుడు ఉన్న లైన్లు చదవడం మానేసి, ఉండాల్సిన ఏ లైను లేదో వెతుక్కుంటాం. సైకలాజికల్ థ్రిల్లర్ చదవడం అచ్చంగా ఈ పనే. గిలియన్ ఫ్లిన్ 'గాన్ గర్ల్' (2012)లో కనిపించకుండా పోయిన భార్య రాసుకున్న డైరీని సగం పుస్తకం దాకా నమ్ముతూ చదువుతాం. తర్వాత తెలుస్తుంది, ఆ డైరీ ఎవరి కళ్ళ పడాలని రాసిందో. (ఇంకా చదవనివాళ్ళు నన్ను క్షమించాలి.) వెనక్కి తిరగేస్తే ప్రతి వాక్యానికీ వేరే అర్థం కనిపిస్తుంది. పాఠకుడి చేత ఇంత శ్రద్ధగా రెండోసారి చదివించే "గంభీర సాహిత్యం" మన దగ్గర ఏపాటి ఉందో పెద్దలే సెలవివ్వాలి.

1962లో ఫ్రాన్స్వా ట్రూఫో చేసిన పెద్ద ఇంటర్వ్యూలో హిచ్‌కాక్ చెప్పిన బాంబు ఉదాహరణ చాలామందికి తెలిసిందే. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని కబుర్లాడుతూండగా ఉన్నట్టుండి బల్ల కింద బాంబు పేలితే ప్రేక్షకుడికి పదిహేను సెకన్ల అదురు. బాంబు ఉందని ముందే చూపించి, అవే కబుర్లు వినిపిస్తే పదిహేను నిమిషాల ఉత్కంఠ. కబుర్లలో మాట మారలేదు, వినేవాడు మారాడు. మన శనివారం పాట్‌లక్ డిన్నర్లకి ఇంతకన్నా సరిపోయే ఉదాహరణ నాకు తట్టలేదు. హెచ్‌-1 రెన్యువలు, పిల్లల స్పెల్లింగ్ బీ, ఇళ్ళ ధరలు, ఎవరింటి గృహప్రవేశానికి ఎవరు రాలేదు. ఈ కబుర్లు మన కథల్లో కుప్పలుగా ఉన్నాయి. బల్ల కిందకి వంగి చూసిన రచయితలు ఎందరని లెక్కపెడితే వేళ్ళు మిగిలిపోతాయి.

తెలుగువాడికి మనసు లోతులు తెలియవా అంటే అలా అనడానికి వీల్లేదు. 1940ల్లోనే గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావుని తన ఆలోచనల్లోనే కుళ్ళిపోయేలా చూపించాడు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో తల్లి మీద పడ్డ అపవాదు దయానిధిని ఏ ఊరికి పోయినా వదలదు. రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్య పడే భయం చదువుతూంటే నాకు చేతులు చల్లబడ్డాయి. ఆ పుస్తకాన్ని ఎవరూ థ్రిల్లర్ అనలేదుగానీ, గవరయ్య ఎప్పుడు ఎదురుపడతాడో అని సుబ్బయ్యతో పాటు నేనూ సందు చివరలు చూసుకుంటూ చదివాను. ఇక జనాన్ని వారపత్రిక కోసం ఎదురుచూసేలా చేసిన చెయ్యీ మనకుంది. 1980ల్లో ఆంధ్రభూమి వారపత్రికలో 'తులసిదళం' వస్తున్న రోజుల్ని తలుచుకుంటే మా అమ్మకి ఇప్పటికీ కళ్ళు మెరుస్తాయి.

మరి తేడా ఎక్కడొచ్చింది? మనం రెండు బీరువాలు చేయించుకున్నాం. ఒకదాంట్లో మనసు, ఇంకోదాంట్లో ఉత్కంఠ. మనసు గురించి రాస్తే కథ కదలకూడదు, కథ కదిలితే దాంట్లో మనసు ఉండకూడదు. మొదటి బీరువాకి అవార్డులు, రెండోదానికి రాయల్టీలు. యండమూరికి మనస్తత్వం తెలియదని నేననను, బాగా తెలుసు. కానీ 'తులసిదళం'లో పసిపిల్ల మీదకి భయం చేతబడి రూపంలో వచ్చింది. జనం గుమ్మానికి నిమ్మకాయలు కట్టుకుని పడుకున్నారు. నిమ్మకాయ గుమ్మం బయటి భయానికి పనికొస్తుంది. గుమ్మం లోపలే, డైనింగు టేబులు దగ్గరే కూర్చుని ఉన్న భయానికి నిమ్మకాయ ఎక్కడ కట్టాలి? అక్కడే మనకి సామెత అడ్డం వస్తుంది. ఇంటిగుట్టు లంకకి చేటు.

ఆ గుమ్మం లోపలికి వెళ్ళిన నవల 'రెబెకా'. డాఫ్నీ డ్యూ మోరియే రాయగా 1938లో అచ్చయింది. దాన్ని ఆవిడ మొదలుపెట్టింది ఇంగ్లండులో కాదు, ఈజిప్టులో. మిలిటరీ ఆఫీసరైన భర్తకి అలెగ్జాండ్రియాలో ఉద్యోగం. ఆ ఎండలో, ఆ పరాయి ఊళ్ళో, కార్న్‌వాల్‌లోని తన సముద్రపుటొడ్డు మీద బెంగతో రాయడానికి కూర్చుంది. అంటే మన భాషలో భర్త వెంట విదేశం వచ్చిన డిపెండెంటు. మనమూ బెంగతోనే రాస్తాం కదా, ఏం రాస్తాం? మామిడితోట, అమ్మమ్మ ఊరగాయ జాడీ, సంక్రాంతి ముగ్గు. ఆవిడ బెంగలోంచి ఒక అందమైన ఇల్లు పుట్టింది, ఆ ఇంట్లో ఊపిరాడని ఒక అమ్మాయి పుట్టింది.

ఆ అమ్మాయికి నవల మొత్తం మీద పేరు లేదు. ఒక డబ్బున్న ముసలావిడ దగ్గర జీతానికి తోడుగా ఉంటూ మాంటీ కార్లోలో ఒక పెద్దమనిషిని చూసింది. వయసులో తనకంటే చాలా పెద్దవాడు. పరిచయమైన కొద్ది వారాల్లోనే పెళ్ళి. ఆయనెవరో, మొదటి భార్య ఎలా పోయిందో తెలియకుండానే ఆయన ఇంటికి వచ్చి పడింది. ఒకనాడు ఫోను మోగి, అవతలివాళ్ళు మిసెస్ డి వింటర్ కావాలంటే, ఆవిడ పోయి ఏడాది దాటిందని చెప్పి పెట్టేస్తుంది. తనే ఇప్పుడు మిసెస్ డి వింటర్ అన్న సంగతి ఆమెకే గుర్తుకు రాదు.

ఇది చదువుతూ మన పెళ్ళిళ్ళు గుర్తు రాకపోతే ఆశ్చర్యం. అబ్బాయికి మూడు వారాల సెలవు. మొదటి వారం పెళ్ళిచూపులు, రెండో వారం ముహూర్తం, మూడో వారం వీసా స్టాంపింగు. అమ్మాయి ఇంజనీరింగు చదివి ఉంటుంది. హెచ్‌-4 మీద దిగాక ఉద్యోగం చెయ్యడానికి లేదు. 2015లో నిబంధన మారి, భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం ఒక మెట్టు దాటిన ఇళ్ళల్లో భార్యకి పని అనుమతి వచ్చింది. తక్కినవాళ్ళకి ఆ దారి లేదు. కరెంటు బిల్లు ఆయన పేరు మీద, ఇల్లు ఆయన పేరు మీద, కారు ఆయన పేరు మీద. పార్టీలో ఆమె ఫలానా వారి మిసెస్. ఆయన ఉద్యోగం పోతే ఆమె వీసా పోతుంది, ఆయనతో చెడితే ఆమె దేశంలో ఉండే హక్కే పోతుంది. పేరులేని నాయికని కల్పించడానికి డ్యూ మోరియేకి కళాకౌశలం కావలసి వచ్చింది. మనకి ఇమిగ్రేషన్ ఫారాలు చాలు. అయినా ఆ అమ్మాయి గొంతుతో, ఆ ఇంట్లో మొదటి చలికాలం ఎలా గడిచిందో ఉత్కంఠగా చెప్పే తెలుగు నవల కోసం నేనింకా చూస్తున్నాను. ఆమె మనకి ఎక్కువగా కనిపించేది కథ చివర సర్దుకుపోయి, పెరట్లో కరివేపాకు మొక్క నాటుకుంటూ.

'రెబెకా' వచ్చిన 1938లోనే లండన్‌లో పాట్రిక్ హామిల్టన్ 'గ్యాస్‌లైట్' నాటకం ఆడింది. 1944లో ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌తో హాలీవుడ్ సినిమా అయింది. భర్త వస్తువులు దాచేసి భార్యే పోగొట్టిందంటాడు. రాత్రిపూట ఆమె గదిలో గ్యాసు దీపం దానంతటదే తగ్గుతుంది, పైన ఎవరో నడుస్తున్న చప్పుడవుతుంది. అదంతా నీ భ్రమ అంటాడు. ఆమెకి తన కళ్ళ మీదే నమ్మకం పోతుంది. ఆ పేరు ఇంగ్లీషులో క్రియగా మారిపోయింది. 2022లో మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువువాళ్ళు 'గ్యాస్‌లైటింగ్'ని ఆ ఏటి మాటగా ప్రకటించారు. ఒక థ్రిల్లర్ నాటకం చేసిన పని చూడండి. తనకి జరుగుతున్నదేమిటో చెప్పుకోలేని లక్షలమందికి ఒక మాట ఇచ్చింది. మనకి "నీకేం తెలీదు, నువ్వూరుకో", "అన్నీ ఊహించుకుంటావు" అన్న వాక్యాలున్నాయి, అవి తెలుగు ఇళ్ళల్లో పుష్కలంగా వాడతారు. అవి విన్నవాళ్ళు తిరిగి వాడుకోవడానికి మాత్రం మాట లేదు.

ఇలాంటివి మన ఇళ్ళల్లో లేవనేవాళ్ళకి ఒక్క సంగతి గుర్తు చేస్తాను. న్యూజెర్సీలో దక్షిణాసియా స్త్రీలు, ఇళ్ళల్లో హింసకి గురవుతున్న తమ తోటివాళ్ళ కోసం 'మానవి' అనే సంస్థ పెట్టుకున్నది 1985లో. సాఫ్ట్‌వేర్ తరం రాకముందే. అవసరం లేకుండా ఎవరూ సంస్థలు పెట్టరు. వాళ్ళు చూసింది కథకులు చూడలేదంటే లోపం ఇళ్ళల్లో వెతకాలా, కథకుల్లో వెతకాలా?

ఆడవాళ్ళ సంగతి అలా ఉంచండి, మగవాళ్ళ మాటకొద్దాం. ఇది నా సొంత పేట. పేట్రిషియా హైస్మిత్ 'ది టాలెంటెడ్ మిస్టర్ రిప్లీ' 1955లో వచ్చింది. టెక్సస్‌లో పుట్టి, జీవితంలో చివరి ముప్ఫై ఏళ్ళు యూరప్‌లో గడిపిన మనిషి ఆవిడ. ఆవిడా ప్రవాసే. టామ్ రిప్లీ న్యూయార్కులో దిక్కూ మొక్కూ లేని కుర్రాడు. ఇటలీలో తిరుగుతున్న డికీ గ్రీన్‌లీఫ్‌ని ఇంటికి తీసుకురమ్మని అతని తండ్రి రిప్లీకి దారిఖర్చులిచ్చి పంపుతాడు. అక్కడికి వెళ్ళిన రిప్లీకి డికీ ఉన్నట్టు ఉండాలనిపిస్తుంది, తర్వాత డికీయే అయిపోవాలనిపిస్తుంది. అతన్ని చంపి, అతని బట్టలు తొడుక్కుని, అతని సంతకం నేర్చుకుని, అతని డబ్బుతో అతనిగా బతుకుతాడు. హంతకుడని తెలిసి కూడా వీడు పట్టుబడకూడదు దేవుడా అని మనం గుండె చేత్తో పట్టుకుంటాం.

ఎమ్మెస్ అయ్యాక నేను కొన్నాళ్ళు న్యూజెర్సీలో ఒక కన్సల్టింగ్ కంపెనీ గెస్ట్‌హౌస్‌లో ఉన్నాను. కంపెనీ పేరు అనవసరం, అప్పట్లో అలాంటివి వీధికొకటి. రెండు పడగ్గదుల్లో ఎనిమిదిమంది కుర్రాళ్ళం. రెజ్యూమేలు కంపెనీయే తయారుచేసేది. చదువు అయిపోయి ఆరు నెలలు కాని కుర్రాడికి అందులో ఏడేళ్ళ అనుభవం. అతను ఎప్పుడూ పనిచెయ్యని బ్యాంకు, ఎప్పుడూ చూడని ఊరు, ఆ ఊళ్ళో చేసిన ప్రాజెక్టు. నా రెజ్యూమేలో అలాంటివి పెట్టనివ్వనన్నందుకు నాలుగు నెలలు బెంచి మీద కూర్చోబెట్టారు. మాలో ఒకతను ఫోను ఇంటర్వ్యూల్లో దిట్ట. ఇంకొకరి పేరుతో మాట్లాడి ఉద్యోగం తెచ్చిపెట్టేవాడు. గొంతు కాస్త మార్చేవాడు, ఎవరికి చేస్తే వాళ్ళ తడబాటు కూడా పెట్టేవాడు. ఉద్యోగం వచ్చిన కుర్రాడు సోమవారం వెళ్ళి ఆ గొంతు తనదేనన్నట్టు కూర్చోవాలి. పుట్టింది ఎక్కడో, పనిచేసింది ఎక్కడో, పెళ్ళయిందో లేదో, అన్నీ రాత్రిపూట బట్టీ పట్టేవాళ్ళు.

అలా వెళ్ళిన వాళ్ళలో ఒకతను తర్వాత చాలా ఏళ్ళకి ఒక కాన్ఫరెన్సులో కనిపించాడు. ఇప్పుడు పెద్ద ఉద్యోగం, నిజంగానే పనిమంతుడు. కాఫీ తాగుతూ చెప్పాడు. ఇప్పటికీ మేనేజరు తలుపు దగ్గరకొచ్చి "ఒక్క నిమిషం మాట్లాడొచ్చా" అంటే ముందు కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టవుతుందట. భార్యకి ఆ ఏడేళ్ళ సంగతి తెలియదట. పెళ్ళిచూపుల్లో వాళ్ళకి చూపించింది కూడా ఆ రెజ్యూమేయేనట! నేనప్పుడు రిప్లీ గురించి చెబితే అతనికి ఆ పేరు తెలియదు. ఫోన్లో రాసుకున్నాడు. రెండు వారాల తర్వాత రాత్రి పదకొండింటికి ఫోను చేసి, "ఈవిడకి నా సంగతి ఎవరు చెప్పారండీ?" అన్నాడు. అంతకన్నా గొప్ప సమీక్ష నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

సైకలాజికల్ థ్రిల్లర్ ఆకర్షణ ఏమిటని అడిగేవాళ్ళకి నా జవాబు ఆ ఫోను కాలే. ఆ ఆకర్షణ రక్తం చూడటంలో లేదు. మనం ఎవరికీ చెప్పుకోని భయాన్ని ఎవరో మనకంటే ముందే పడి, దానికి ఒక వరస కట్టి, పేజీలు తిప్పేలా చెబుతారు. ఒంటరిగా పడ్డ భయం సిగ్గుగా మిగిలిపోతుంది. మరొకడు కూడా పడ్డాడని తెలిస్తే కనీసం ఊపిరాడుతుంది. 2014లో తెలుగు 'దృశ్యం' చూస్తూ ఇక్కడి థియేటర్లో నా చుట్టూ ఉన్న పెద్దమనుషులంతా, పోలీసులకి నిజం దొరక్కూడదని ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. వాళ్ళలో సాహిత్య సభల వేదికలెక్కేవాళ్ళూ ఉన్నారు. అబద్ధమాడే ఇంటిపెద్ద పక్షాన కూర్చోవడం మనకి వచ్చు. తెర మీద చూస్తాంగానీ పుస్తకంలో పెట్టుకోం.

అన్ని థ్రిల్లర్లనీ నెత్తిన పెట్టుకోమని నేననడం లేదు. 'గాన్ గర్ల్' తర్వాత పేరులో 'గర్ల్' ఉన్న పుస్తకాలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. తాగి ఏం జరిగిందో మర్చిపోయే నాయికని పెట్టి పాలా హాకిన్స్ 2015లో 'ది గర్ల్ ఆన్ ది ట్రెయిన్' బాగానే నడిపింది. ఆ తర్వాత అదే మతిమరుపుని ఎందరు వాడుకున్నారో చూస్తే విసుగొచ్చింది. చాలావాటిని నేను కూడా సీటు సంచీలో వదిలేసి దిగాను. అంతకంటే పెద్ద నేరం ఇంకొకటుంది. మనోవ్యాధిని చివరి పేజీలో టోపీలోంచి కుందేలులా బయటికి తియ్యడం. రెండు వ్యక్తిత్వాలున్నవాడే హంతకుడనడం. 'సైకో' దగ్గర్నుంచి మన 2005 నాటి 'అపరిచితుడు' దాకా ఇదే తంతు. డిప్రెషన్‌కి మందు వేసుకుంటున్నానని చెప్పుకోలేని జనం మధ్య, జబ్బున్నవాడంటే కత్తి పట్టుకున్నవాడే అని నేర్పడం దుర్మార్గం. దాన్ని నేను సమర్థించను. రిప్లీకి హైస్మిత్ ఏ జబ్బూ అంటగట్టలేదు చూడండి. అతని ఆశ మనకి అర్థమయ్యే ఆశే. అందుకే అతనంటే ఎక్కువ భయం.

మన సంకలనాల సంపాదకులు చెడ్డవాళ్ళేం కారు. సొంత డబ్బు పెట్టి, రాత్రుళ్ళు ప్రూఫులు దిద్ది పుస్తకాలు తెస్తున్నారు. వాళ్ళ ప్రకటనలో "ప్రవాస జీవితాన్ని ప్రతిబింబించే కథలు" అని ఉంటుంది, హాస్య కథకి ప్రత్యేక బహుమతి అని కూడా ఉంటుంది. దొంగ రెజ్యూమేలూ, ఫోను ఇంటర్వ్యూలూ, గెస్ట్‌హౌస్‌లో ఎనిమిదిమంది వంట పాట్లూ ఇన్నేళ్ళూ ఆ బహుమతి కిందే వచ్చాయి, చదివి అందరం నవ్వాం. ఈసారి ఎవరైనా ఆ కుర్రాడి కథని అతని గొంతుతోనే, మేనేజరు తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డ క్షణం నుంచి మొదలుపెట్టి రాసి పంపితే, దయచేసి దాన్ని హాస్యకథల విభాగంలో వెయ్యకండి.